మనకెవరున్నారు? పొదుపు సంఘం నేర్పిన నెట్‌వర్కింగ్ పాఠం



"మనకెవరున్నారు?" అనే మాట మా కురిచేడులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సీటు రాకపోయినా, లోను రాకపోయినా, ఉద్యోగం రాకపోయినా అరుగు మీద చర్చ చివరికి అక్కడికే చేరుతుంది. "వాళ్ళకంటే హైదరాబాదులో బావమరిది ఉన్నాడు. మనకెవరున్నారు?" బీటెక్ మూడో సంవత్సరం అయ్యేదాకా నేను కూడా అదే నమ్మాను. నెట్‌వర్కింగ్ అంటే పెద్దోళ్ళ పిల్లలకు పుట్టుకతో వచ్చే ఆస్తి అనీ, మనలాంటి వాళ్ళం కష్టపడి పనిచేసుకుంటే చాలనీ అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళాను. నాకిచ్చిన సెన్సార్ బోర్డు మధ్యమధ్యలో తప్పుడు రీడింగులు ఇచ్చేది. తొమ్మిది రోజులు దానితో కుస్తీ పట్టాను. కోడు మార్చాను, కేబుల్ మార్చాను, చివరికి బోర్డే మార్చాను. ఎవరినీ అడగలేదు. అడిగితే "వీడికేం రాదు" అనుకుంటారని భయం. రివ్యూ అయిపోయాక క్యాంటీన్ లైనులో నా ముందున్నాయన మాటల్లో అన్నాడు: "అది గ్రౌండింగ్ సమస్య. మా టీమ్‌లో నిరుడే సరిచేశాం. రాసిపెట్టిన డాక్యుమెంట్ కూడా ఉంది." ఆయన సీటు నా సీటుకి రెండు వరసల అవతల! నా ప్రాజెక్టు సగంలో ఆగింది, ఆఫర్ వేరేవాళ్ళకు వెళ్ళింది. ఇందులో కంపెనీ తప్పేం లేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఒకటే ప్రశ్న వేసింది. "రెండు నెలల్లో ఎంతమందితో మాట్లాడావురా?" లెక్కేస్తే నలుగురు తేలారు. నలుగురూ మన కాలేజీ వాళ్ళే, అందులో ఇద్దరు నా రూమ్మేట్లు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడగనే లేదు గదా. మా సంఘంలో నిన్న చేరినామె నీకంటే నయం" అంది.

ఆ మాట గుచ్చుకుంది. అప్పట్నుంచి ఈ విషయం మీద దొరికినవి చదివాను, అమ్మ సంఘాన్ని కొత్త కళ్ళతో చూశాను. ఉద్యోగాలకు వెళ్ళబోతున్న మనందరికీ పనికొస్తుందని ఆ రెండిటినీ కలిపి రాస్తున్నా.

నెట్‌వర్క్ అంటే ఏంటి?

ముందు ఒక అపోహ తీసేద్దాం. సిఫార్సు వేరు, నెట్‌వర్క్ వేరు. సిఫార్సులో అర్హత లేకపోయినా పని జరగాలని కోరతాం. నెట్‌వర్క్‌లో ప్రయాణించేది సమాచారం: ఏ పని ఎవరికి తెలుసు, ఏ సమస్య ఎక్కడ ఇప్పటికే తీరిపోయింది, ఏ టీమ్‌లో మనిషి అవసరం ఉంది అన్నవి.

హెర్మీనియా ఇబార్రా, మార్క్ హంటర్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఉద్యోగి పరిచయాలను మూడు రకాలుగా విడదీశారు. ఒకటి, ఈరోజు పని ఈరోజు అయ్యేందుకు కావలసినవాళ్ళు: మన టీమ్, మన మేనేజర్, స్టోర్స్, టెస్టింగ్ వాళ్ళు. రెండు, ఆఫీసు బయట మన ఎదుగుదలకు తోడుండేవాళ్ళు: సీనియర్లు, పాత గురువులు, అదే వృత్తిలోని స్నేహితులు. మూడు, రేపు ఏం రాబోతోందో చూపించేవాళ్ళు: వేరే విభాగాలవాళ్ళు, కస్టమర్లు, పై స్థాయివాళ్ళు. మొదటి రకం అందరికీ ఎంతోకొంత ఉంటుంది. నాయకత్వ బాధ్యతల్లోకి వెళ్ళేటప్పుడు చాలామంది తడబడేది మూడో రకం దగ్గర.

మన ఈఈఈ వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రేడియల్ ఫీడర్ గుర్తు తెచ్చుకోండి. సబ్‌స్టేషన్ నుంచి ఒకటే లైను. మధ్యలో ఎక్కడ తెగినా అవతల ఉన్న ఊళ్ళన్నీ చీకటే, మోటార్లన్నీ బంద్. అదే రింగ్ మెయిన్ అయితే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి కరెంటు తిప్పుకోవచ్చు. ఒక్క మేనేజర్ ద్వారానే ఆఫీసంతా తెలిసిన ఉద్యోగి రేడియల్ ఫీడర్ చివరి ట్రాన్స్‌ఫార్మర్ లాంటివాడు. ఇంటర్న్‌షిప్‌లో నేను ఉన్నది అక్కడే.

దగ్గరి స్నేహితులు చాలరా?

సోషియాలజీలో మార్క్ గ్రానోవెటర్ పేరు చాలా పెద్దది. 1973లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: బలహీనమైన పరిచయాలకే ఒక ప్రత్యేకమైన బలం ఉంది. అమెరికాలో న్యూటన్ అనే పట్టణంలో ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్ళను అడిగి తెలుసుకున్నాడాయన. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవాళ్ళమని చెప్పింది సుమారు 17 శాతమే. అప్పుడప్పుడు కలుస్తామన్నవాళ్ళు 56 శాతం దాకా, ఎప్పుడో గానీ కలవమన్నవాళ్ళు 28 శాతం దాకా ఉన్నారు.

కారణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. నా రూమ్మేట్‌కి తెలిసింది నాకు ముందే తెలుసు, నాకు తెలిసింది వాడికి తెలుసు. కొత్త కబురు వచ్చేది వేరే గుంపులో తిరిగే మనిషి నుంచే. అలాగని ముక్కూ మొహం తెలియని అయిదు వేలమందికి లింక్డ్‌ఇన్‌లో రిక్వెస్టులు పంపితే పని అవుతుందనుకోకండి. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన అదే లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది డేటాను చూసింది. బలహీన పరిచయాలు మేలు చేస్తాయని మళ్ళీ తేలింది గానీ, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినవి మరీ పలచని పరిచయాలు కావు. ఓ మోస్తరుగా తెలిసినవాళ్ళు, అంటే మనకు తెలిసినవాళ్ళు వాళ్ళకూ కొందరు తెలిసి ఉన్నవాళ్ళు. రెండు వరసల అవతల కూర్చున్నాయన సరిగ్గా ఆ కోవలోకి వస్తాడు.

శిక్షణ ఇస్తే ఈ గుణం వస్తుందా?

"మాట్లాడే చొరవ పుట్టుకతో రావాలి, క్లాసులో నేర్పితే వస్తుందా?" అన్న అనుమానం నాకూ ఉండేది. దీనికి జవాబు వెతికితే మన కాకినాడే ఎదురైంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ పేరు మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో మోటివేషన్ చాప్టర్ చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది. సాధించాలన్న తపనను పెద్దవాళ్ళలో కూడా శిక్షణతో పెంచవచ్చని ఆయన వాదన. దాన్ని పరీక్షించడానికి 1964లో కాకినాడ వ్యాపారులు, చిన్న పరిశ్రమలవాళ్ళు 52 మందిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్‌ఐ ఎంఎస్‌ఎంఈ అని బోర్డు కనిపించే సంస్థ అదే. శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులను పోలిక కోసం తీసుకున్నారు. తర్వాత కాలంలో శిక్షణ పొందినవాళ్ళు కొత్త పెట్టుబడులు, కొత్త ప్రయత్నాలు స్పష్టంగా ఎక్కువ చేశారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా రాశారు. సంప్రదాయ నమ్మకాలు ఉన్నంత మాత్రాన మనిషి వెనకబడడని కూడా ఈ ప్రయోగం తేల్చింది.

ఆ శిక్షణలో రింగులు విసిరే ఆట ఒకటి. మన కోటప్పకొండ తిరునాళ్ళలో సబ్బుల మీద రింగులు వేస్తాం చూడండి, అలాంటిదే. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వాళ్ళే ఎంచుకోవాలి. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు, కొందరు గొప్పకు పోయి ఎక్కడి నుంచో విసురుతారు. సాధించే తత్వం ఉన్నవాళ్ళు మధ్యస్థ దూరం ఎంచుకుంటారు: కష్టపడితే పడేంత, ఏమరితే తప్పేంత. నెట్‌వర్కింగ్‌కి కూడా ఇదే కొలత. రోజూ రూమ్మేట్‌తోనే టీ తాగడం మేకు పక్కన నిలబడటం. మొదటి వారంలోనే సీఈఓకి మెయిల్ పెట్టడం ఎక్కడి నుంచో విసరడం. పక్క టీమ్ సీనియర్‌ని పదిహేను నిమిషాలు అడగడం సరైన దూరం.

మెక్లెలాండ్ 1965లో రాసిన ఒక వ్యాసంలో శిక్షణ ఫలితం ఎప్పుడు నిలబడుతుందో కొన్ని సూత్రాలు ఇచ్చాడు. రోజువారీ పనికి దూరంగా కొన్నాళ్ళు ఉండాలి, తనమీద తనకు గౌరవం కలిగే వాతావరణం ఉండాలి, లక్ష్యాన్ని నిర్దిష్టంగా రాసుకోవాలి, ఆ లక్ష్యం ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ ఉండాలి. వీటితోపాటు, శిక్షణ అయ్యాక ఆ మనిషి ఒక కొత్త గుంపులో సభ్యుడుగా మిగలాలి. అంటే తోటివాళ్ళు లేకపోతే క్లాసులో వచ్చిన ఉత్సాహం ఇంటికి చేరేలోపే ఆరిపోతుందన్నమాట.

రెండో సాక్ష్యం కార్పొరేట్ కంపెనీది. రొనాల్డ్ బర్ట్, డాన్ రోంకీ 2007లో ఒక పెద్ద కంపెనీ ఎగ్జిక్యూటివ్‌ల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. తమ ఆఫీసు పరిచయాల పటం తామే గీసుకుని, ఎక్కడ ఖాళీలున్నాయో చూసుకోవడం నేర్పే కోర్సు అది. సమానమైన సామర్థ్యం ఉండి కోర్సు చేయనివాళ్ళతో పోలిస్తే, చేసినవాళ్ళకు ప్రమోషన్ వచ్చే అవకాశం 43 నుంచి 72 శాతం దాకా ఎక్కువని తేలింది. ఇక్కడ మనం అండర్‌లైన్ చేసుకోవలసింది ఒకటుంది. ఆ ఫలితం కోర్సులో నోరు విప్పి పాల్గొన్నవాళ్ళకే దక్కింది. మౌనంగా కూర్చుని విని వెళ్ళినవాళ్ళు కోర్సు చేయనివాళ్ళలాగే మిగిలిపోయారు. సర్టిఫికెట్ మాత్రం ఇద్దరికీ ఒకటే అయ్యుంటుంది!

అమ్మ వెళ్ళిన లీడర్‌షిప్ ట్రైనింగ్

ఇప్పుడు మళ్ళీ కురిచేడు వద్దాం. పొదుపు సంఘం మనందరి ఇళ్ళలో ఉన్నదే. పది నుంచి పదిహేను మంది ఆడవాళ్ళు ఒక సంఘం. ఊళ్ళో సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, వాటి మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. 2000లో మొదలైన వెలుగు ప్రాజెక్టుతో ఈ కట్టడం రాష్ట్రమంతా నిలబడింది. దీనికి ముందు మన పక్క జిల్లా నెల్లూరులో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరికీ పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళింది. పలకా బలపం కోసం వచ్చినవాళ్ళకు పక్కన కూర్చున్న మనిషి దొరికింది. పాఠం కంటే అదే ఎక్కువ పనిచేసింది.

మా అమ్మను సంఘం లీడర్‌గా ఎన్నుకున్నాక మొదటిసారి ట్రైనింగుకి పంపారు. పరిచయం చేసుకోమంటే నాన్న పేరు చెప్పి కూర్చుందట. "నీ పేరమ్మా, నీ పేరు" అని మళ్ళీ లేపారట. ఆ రోజు మైకులో సొంత పేరు చెప్పడమే పెద్ద పరీక్ష అని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. తిరిగొచ్చాక ఆమెకు అప్పగించిన పనులు చిన్నవే. బ్యాంకుకి వెళ్ళడం, పాసుపుస్తకాలు సరిచూడటం, మండల సమాఖ్య మీటింగుకి వెళ్ళి ఊరి మాట చెప్పడం. పని ఉంది కాబట్టి మనుషుల్ని కలవాల్సొచ్చింది, కలిసింది కాబట్టి పరిచయాలు పెరిగాయి. ఇవాళ మా వీధిలో ఎవరికి పింఛను కాగితం ఆగినా, పశువుకు జబ్బు చేసినా, ఎవర్ని అడగాలో అమ్మకు తెలుసు. పదో తరగతి కూడా చదవని మనిషికి మండలమంతా రింగ్ మెయిన్ ఉంది. ఇలా అనుభవంతో తయారైన మన రాష్ట్రం మహిళలు తర్వాత బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్ళి అక్కడ సంఘాలు కట్టడం నేర్పారు.

అయిదు సూత్రాలు

సంఘాలకు పంచసూత్రాలు ఉంటాయి. ఇంట్లో మీటింగు జరిగితే మీరూ వినే ఉంటారు. వాటిని ఆఫీసుకి అన్వయిస్తే ఇలా ఉంటుంది.

1. క్రమం తప్పని సమావేశం. అవసరం పడినప్పుడే ఫోను చేసే మనిషిని ఎవరూ ఇష్టపడరు. నెలకు ఇద్దరు, అంతే. ఒక టీ, ఒక ఫోను, ఒక మెసేజ్. "మీరు చెప్పిన పద్ధతి ప్రయత్నించాను, ఇలా వచ్చింది" అన్నా చాలు.

2. క్రమం తప్పని పొదుపు. సంఘంలో చేరిన రోజే ఎవరికీ అప్పు పుట్టదు. ముందు కొన్నాళ్ళు పొదుపు కట్టాలి. ఆఫీసులో మన పొదుపు డబ్బు కాదు. కనిపెట్టిన పరిష్కారాన్ని శుభ్రంగా రాసిపెట్టడం, మీటింగు నోట్సు అందరికీ పంపడం, పని చేసినవాళ్ళ పేరు పదిమందిలో చెప్పడం. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఇవన్నీ చేయగలరు.

3. అంతర్గత అప్పు. పొదుపు కట్టి అప్పు తీసుకోకపోతే సంఘం ఎందుకు? అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు, కాకపోతే అడిగే తీరు ఉంటుంది. "సార్, కొంచెం గైడ్ చేయండి" అంటే ఎవరూ ఏం చేయలేరు. ఇలా రాసి చూడండి: "నమస్తే సార్. నేను ఫలానా టీమ్ ఇంటర్న్‌ని. సెన్సార్ రీడింగులు మధ్యలో తప్పుతున్నాయి. కోడు, కేబుల్, బోర్డు మూడూ మార్చి చూశాను, తగ్గలేదు. మీ టీమ్‌లో ఇలాంటిది వచ్చిందని విన్నాను. రేపు పదిహేను నిమిషాలు మీ సీటు దగ్గరికి రావచ్చా?" ఇలాంటి నాలుగు వాక్యాలు నా తొమ్మిది రోజుల్ని మిగిల్చేవి.

4. సకాలంలో చెల్లింపు. సాయం తీసుకుని మాయమైతే రెండోసారి తలుపు తెరుచుకోదు. ఏమైందో తిరిగి చెప్పడమే సగం చెల్లింపు. మిగతా సగం అదే సాయం ఒక జూనియర్‌కి చేయడం.

5. పుస్తకాల నిర్వహణ. అమ్మ దగ్గర మినిట్స్ పుస్తకం ఉన్నట్టే మన దగ్గరా ఒక నోట్సు ఉండాలి. ఎవర్ని కలిశాం, వాళ్ళు ఏ పనిలో ఉన్నారు, మనం ఏం పంపుతామని మాటిచ్చాం. ఫోనులో ఒక పేజీ చాలు. మాట మరిచిపోవడమే పరిచయాలకు చెదలు.

రేపు మనం టీమ్ లీడ్ అయితే

ఇంతవరకు ఒక్కడు ఏం చేయాలో చూశాం. కానీ అందరికీ మొదటి అడుగు ఒకే బరువుండదు. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లున్నవాడికి మేనేజర్‌తో మాట్లాడటం ఆట. మా ఊరి నుంచి వెళ్ళినవాడికి అది మైకు పరీక్ష. టీ కొట్టు దగ్గర, సిగరెట్ గుంపులో తేలిపోయే విషయాలు అక్కడికి వెళ్ళని ఆడపిల్లలకు అందవు. ఇంకో ప్రమాదం మన దగ్గరే ఉంది. "మనోళ్ళు" అంటూ ఒకే ఊరు, ఒకే కులం, ఒకే కాలేజీ అని గుంపు కట్టుకోవడం. అది కష్టకాలంలో ఆదుకుంటుంది, కాదనను. ఇంటర్న్‌షిప్‌లో నా నలుగురూ అలాంటివాళ్ళే. జ్వరమొస్తే మందులు తెచ్చారు. గ్రౌండింగ్ సంగతి మాత్రం వాళ్ళకూ తెలియదు.

అందుకే లీడర్‌గా ఉన్నవాళ్ళ బాధ్యత ఎక్కువ. శిక్షణ పెట్టేటప్పుడు "నెట్‌వర్క్ పెంచుకోండి" అని ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కొట్టిస్తే కోరిక పుట్టదు. వేర్వేరు విభాగాలవాళ్ళను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎవరో ఒక్కరే తీర్చలేని నిజమైన పని ఇవ్వాలి. తక్కువ మాట్లాడేవాళ్ళకు ముందే ఒక చిన్న బాధ్యత అప్పగించాలి, మాట్లాడటానికి వాళ్ళకో కారణం దొరుకుతుంది. వెళ్ళేముందు ఒక్కొక్కరూ మధ్యస్థ దూరంలో ఉన్న ఒక లక్ష్యం రాయాలి. నెల తర్వాత అదే బల్ల దగ్గర మళ్ళీ కలిసి ఏమైందో చెప్పుకోవాలి. ఆ రెండో సమావేశం లేని శిక్షణ, మొదటి నెల పొదుపు కట్టి మూసేసిన సంఘం లాంటిది.

చివరగా

మన సాహితీ క్లబ్బులోనే మొదలుపెడదామని నా మనవి. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ రెండు చీటీలు తెండి. ఒకదాని మీద మీరు ఇరుక్కుపోయిన ఒక ప్రశ్న, రెండోదాని మీద మీకు బాగా తెలిసిన ఒక విషయం. సొంత బ్రాంచి వాళ్ళ పక్కన మాత్రం కూర్చోకండి. నెల తర్వాత మళ్ళీ కలిసి ఎన్ని ప్రశ్నలు తీరాయో లెక్క చూద్దాం. మినిట్స్ రాసే పని నాది.

ఈ వ్యాసం రాయకముందు ఒక పని చేశాను. క్యాంటీన్ లైనులో కలిసినాయనకు, మూడు నెలలు ఆలస్యంగా, మెయిల్ పెట్టాను. ఆయన చెప్పినట్టు గ్రౌండింగ్ మార్చి ల్యాబులో చేసిన టెస్ట్ ఫలితాలు జతచేసి, థాంక్స్ చెప్పాను. మర్నాడే జవాబు వచ్చింది. ఫలితాల్లో ఒక తప్పు చూపించి, మరో ప్రశ్న వేశారు. దానికి జవాబు నాకింకా దొరకలేదు. ఈసారి మాత్రం తొమ్మిది రోజులు ఆగను. మెకానికల్‌లో ఎవరినైనా అడగాలి. మీలో ఎవరికైనా వైబ్రేషన్ సంగతులు తెలిస్తే, హాస్టల్లో నా గది తలుపు తట్టండి.